గాలి కత్తెర

పొద్దున్నే షాపు తలుపు తీయగానే వీధంతా పెద్ద కత్తెర అని పిలిచే క్షురకుడు చేసే మొదటి పని అద్దం తుడవడం. తర్వాత మంగలికత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగి, బొటనవేలి గోటి మీద పదును చూసుకోవడం. ఆ తర్వాత గుమ్మం పక్కన కుండీలో నాటిన గులాబీ కొమ్మని పైకి లాగి, వేరు పట్టిందో లేదో చూసి, మళ్ళీ మట్టిలో గుచ్చడం. వేరు ఎప్పుడూ పట్టేది కాదు. నాలుగు రోజులకి కొమ్మ నల్లబడిపోయేది. "ఈ మట్టిలోనే ఏదో దరిద్రం ఉంది" అని తిట్టుకుని, ఇంకో కొమ్మ తెచ్చి గుచ్చేవాడు.

ఇక చేయడానికి పనుండేది కాదు. తన కుర్చీలో తనే కూర్చుని ఈగలు తోలుకుంటూ ఎదురు షాపుని అద్దంలో చూస్తూ ఉండేవాడు. నేరుగా చూడడానికి అహం అడ్డొచ్చేది. అద్దంలో చూస్తే చూసినట్టు కాదని ఆయన లెక్క.

ఎదురు షాపు తమ్ముడిది. వీధిలో అందరూ చిన్న కత్తెర అంటారు. ఆ షాపులో కుర్చీ చల్లబడదు. బల్ల మీద చోటు లేక జనం మెట్ల మీద కూర్చుంటారు. ఒకటే నవ్వులు. పొద్దెక్కేసరికి చిన్న కత్తెర జుట్టంతా ఓ పక్కకి, చిగురాకులన్నీ ఓ పక్కకి ఊడ్చి, ఆ ఆకుల కుప్పని మెట్ల కింద పెడతాడు. ఓ తెల్లమేక తన సొంత ఆస్తి అన్నట్టు వచ్చి వాటిని నమిలిపోతుంది. ఒకప్పుడు ఆ మేక పెద్ద కత్తెర గుమ్మం దగ్గరే పడి ఉండేది. ఇప్పుడు ఇటు తల కూడా తిప్పదు.

మనిషికి ఏదైనా నిజంగా వంటబడితే మెడవెనక, జుట్టు మొదలయ్యేచోట, చిన్న చిగురు వేస్తుంది కదా. జుట్టుతో పాటు దాన్నీ తీయించుకుంటాం. ఎక్కాలు వచ్చిన పిల్లలకి చిన్నచిన్న గట్టి ఆకులు. ఈత వస్తే వేళ్ళ మధ్య నిలవకుండా జారిపోయే సన్నటి తీగ. పాలు పోసే ఆవిడ నడివయసు దాటాక సైకిలు నేర్చుకుంటే, ఒకే కాడకి గుండ్రటి ఆకులు రెండు వేశాయి. దుఃఖం నేర్పిన చిగురైతే వెడల్పుగా, నల్లటి పచ్చగా ఉంటుంది. తడిమట్టి వాసన వేస్తుంది. దాన్ని కోసేటప్పుడు ఏ క్షురకుడూ కబుర్లు చెప్పడు.

బట్టీ పట్టింది మాత్రం మొలవదు. పుస్తకాలు పుస్తకాలు మింగి, బడికంతటికీ మొదటివాడిగా వచ్చి, మెడలో దండ వేయించుకున్న కుర్రాడి మెడవెనక నున్నగా అరచేతిలా ఉండడం పెద్ద కత్తెర ఎన్నిసార్లు చూశాడో! పెద్దవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఉద్యోగం కుదిరి, పెళ్ళయి, ఇల్లు కట్టుకునేసరికి చాలామంది మెడలు బోసిపోతాయి. "ఇక చాల్లే" అనుకున్న మనిషికి ఆకు వేయదు.

అందుకే కత్తెర పట్టినవాళ్ళలో పూర్వం నుంచీ ఓ పద్ధతి ఉంది. మెడ బోడిగా ఉన్నవాడు కుర్చీలో కూర్చున్నప్పుడు, జుట్టు పని అయ్యాక, మెడవెనక ఉత్త గాలిలో కత్తెర రెండుసార్లు ఆడిస్తారు. దానికి గాలి కత్తెర అని పేరు. ఇద్దరన్నదమ్ములూ చిన్నప్పుడు తండ్రి చేతుల్లో దాన్ని చూశారు. తమ్ముడు నేర్చుకున్నాడు. అన్న నేర్చుకోలేదు.

అన్న నేర్చుకున్నవి వేరే ఉన్నాయి. తండ్రి హఠాత్తుగా పోతే బడి మానేసి, కుర్చీ అందక సబ్బుల పెట్టె బోర్లించుకుని దానిమీద నిలబడి, పెద్దవాళ్ళ గడ్డాలు గీశాడు. చేయి వణికితే తిట్లు. గాటు పడితే చెంపదెబ్బ. అన్నం చాలనిరోజు తనకి ఆకలి లేదని తమ్ముడికి పెట్టాడు. ఆ కాలంలో ఆయన మెడవెనక పొదలా ఉండేది. వాళ్ళమ్మ రోజు విడిచి రోజు కోసేది. పెళ్ళయ్యాక భార్య కోసేది. గుమ్మంలో కూర్చోబెట్టి, తల ముందుకి వంచి, "కదిలావంటే చెవి తెగుద్ది, ఆ తర్వాత నన్నని లాభం లేదు" అని బెదిరించేది. ఆవిడ పోయిన నెలలో ఓ వెడల్పాటి ఆకు వేసింది. దాన్ని తనే రెండు అద్దాలు పెట్టుకుని కోసుకున్నాడు. అదే ఆఖరు. మళ్ళీ ఏమీ వేయలేదు. తన జుట్టు తనే కత్తిరించుకునే మనిషి కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు. పొద్దున్నే అద్దం తుడిచే ముందు ఓసారి మెడ తడుముకుని, ఏమీ తగలక, చేయి దించేసుకునేవాడు.

అంత బోడిమెడ పెట్టుకుని ఆయన అందరి మెడల గురించీ నిజం చెప్పేవాడు. నోరు జారి కాదు. ఉన్నదున్నట్టు చెప్పడం కంటే పెద్ద మర్యాద లేదని నమ్మి.

అన్నదమ్ములిద్దరూ ఒకే షాపులో పనిచేసే రోజుల్లో, ఓ మధ్యాహ్నం పెద్ద మాస్టారు వచ్చాడు. బడికి చాలాకాలం పెద్దగా ఉండి పదవి దిగిన మనిషి. ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఎప్పుడూ తమ్ముడి కుర్చీలోనే కూర్చునేవాడు. ఆరోజు అది ఖాళీ లేక అన్న కుర్చీలో కూర్చున్నాడు. బల్లమీద జనం నిండుగా ఉన్నారు. వాళ్ళకి చదువు విలువ గురించి చెబుతూ, మాటల మధ్యలో నవ్వుతూ, "బడి ఎగ్గొట్టినవాడివి, నీకీ గోల ఎందుకులే. నువ్వు మెడవెనక చూసి తియ్యి. బాగా పెరిగినట్టుంది, ఒకటే దురద" అన్నాడు.

బడి ఎగ్గొట్టడం! పెద్ద కత్తెరకి నెత్తిమీద నిప్పు కుమ్మరించినట్టయింది.

"దురద చెమటకాయలది మాస్టారూ" అన్నాడు, వీధి చివరిదాకా వినబడేలా. "ఇక్కడ చిగురూ లేదు, చిన్నాకూ లేదు. మీరు పదవిలో ఉండగానే ఎండిపోయింది. ఇన్నాళ్ళూ మా తమ్ముడు గాలిని కోసి మిమ్మల్ని ఉబ్బేస్తున్నాడు."

పెద్ద మాస్టారు గుడ్డ ముడి తనే విప్పుకుని, దాన్ని జాగ్రత్తగా మడతపెట్టి కుర్చీ చేతిమీద వేసి, సగం కత్తిరించిన తలతో బయటికి నడిచాడు. చిన్న కత్తెర సబ్బునురగ చేతులతోనే ఆయన వెనక పరిగెత్తాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"పెద్దమనిషికి తల కొట్టేసినట్టు చేశావన్నయ్యా."

"అబద్ధం చెప్పమంటావా?"

"నిన్ను నోరెవరు తెరవమన్నారు? రెండుసార్లు కత్తెర ఆడిస్తే నీ సొమ్మేం పోయింది?"

"నేను కోస్తే ఏదో ఒకటి కింద పడాలి. గాలిని కోసి జనాన్ని వెర్రివాళ్ళని చేయడం నా వల్ల కాదు."

"నువ్వు నిజం చెప్పట్లేదన్నయ్యా. దాన్ని పుచ్చుకుని కొడుతున్నావు."

"ఒరేయ్, నిన్ను పెంచినవాణ్ణిరా నేను!"

"తెలుసు. రోజూ చెబుతూనే ఉన్నావుగా."

ఆ మాట అన్నాక తమ్ముడు తన కత్తెర, తన దువ్వెన తీసుకుని వెళ్ళిపోయాడు. ఎదురుగా షాపు తెరిచాడు. జనం ఒక్కొక్కరే రోడ్డు దాటారు. పెద్ద మాస్టారు కూడా కొన్నాళ్ళకి అక్కడికి రావడం మొదలుపెట్టాడు. అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోలేదు. తల తిప్పుకోవడంలో ఇద్దరూ పనిమంతులయ్యారు.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఓరోజు పెద్ద కత్తెర అద్దం పైఅంచు తుడవబోయి స్టూలు మీంచి జారిపడ్డాడు. కుడిచేతి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు. షాపు తీయడం మాత్రం మానలేదు. తీసి, ఎడంచేత్తో అద్దం తుడిచి, ఎడంచేత్తో గులాబీ కొమ్మని పైకి లాగి చూసి, కూర్చునేవాడు. వచ్చే ఇద్దరు ముగ్గురు కూడా ఇప్పుడు రోడ్డు దాటేశారు.

ఆయన జుట్టు మాత్రం ఆగలేదు. చెవుల మీదికొచ్చింది, కాలరు దాటింది. ఎడంచేత్తో ప్రయత్నిస్తే చెవి కోసుకుంది. దాని మీద సున్నం ముక్కలా దూది అతికించుకుని కూర్చుంటే, టీ తెచ్చిన టీకొట్టామె గ్లాసు బల్లమీద పెట్టి నడుంమీద చేయి వేసుకుంది.

"ఏంటన్నా, అడవులకి పోతున్నావా? ఆ జుట్టేంటి?"

"చేయి బాగయ్యాక కోసుకుంటాలే."

"అప్పటికి జడే వేసుకోవచ్చు. సొంత తమ్ముణ్ణి ఎదురుగా పెట్టుకుని ఇదేం ఖర్మ!"

"వాడు గాలి కోసేవాడు. నాకు జుట్టు కోసేవాడు కావాలి."

"రెండూ కోస్తాడు, నువ్వు బెంగపడకు." ఖాళీ గ్లాసు అందుకుంటూ ఆయన మొహంలోకి చూసింది. "నిజం చెప్పన్నా. భయపడుతున్నావా?"

"నాకు భయమా? ఎవరంటే?"

"అదే అడుగుతున్నాను" అని వెళ్ళిపోయింది.

భయమే. తమ్ముడి కుర్చీలో కూర్చుంటే తమ్ముడు జుట్టు పైకెత్తుతాడు. ఎత్తితే కనబడుతుంది. షాపు నిండా జనం. వాళ్ళలో ఎంతమందిని ఈ నోరు ఎడాపెడా అనలేదు! తమ్ముడు గట్టిగా ఒక్క మాట అంటే చాలు. ‘అన్నయ్యా, ఇక్కడ చిగురూ లేదు, చిన్నాకూ లేదు.’ వాడు అలా అన్నా తప్పులేదు. తన మాటే తనకి తిరిగిచ్చినట్టు. కానీ ఆ తర్వాత ఈ వీధిలో తలెత్తుకుని షాపు తలుపు తీయగలడా?

ఆ మధ్యాహ్నం ఎండకి కళ్ళు మూసుకుని కుర్చీలో వాలి ఉంటే మెడ మీద ఏదో వెచ్చగా తగిలింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. అద్దంలో తెల్లమేక. కుర్చీ వెనక నిలబడి, ఆయన జుట్టులోకి మూతి దూర్చి, మెడంతా వాసన చూసింది. ఏమీ దొరకలేదు. చెవులు ఓసారి విదిలించి, వచ్చిన దారినే రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

పెద్ద కత్తెర కదలకుండా అలాగే కూర్చున్నాడు. భార్య పోయాక తన మెడని ముట్టుకున్న ప్రాణి ఆ మేక ఒక్కటే. అదైనా తిండికోసం. ఆ సంగతి అర్థమయ్యాక షాపు ఒక్కసారిగా చాలా పెద్దదిగా, ఎవరూ లేని రైల్వే స్టేషనులా కనిపించింది.

అద్దంలో ఎదురు షాపు. తమ్ముడు మెట్లు ఊడుస్తున్నాడు. ఊడ్చి ఊడ్చి, ఆగి, నడుం మీద చేయి పెట్టుకుని మెల్లగా నిటారయ్యాడు. తల సగానికి పైగా నెరిసిపోయింది. ఎప్పుడు నెరిసింది? ఇన్నాళ్ళూ రోజూ చూస్తున్నాడే! తనకంటికి వాడింకా సబ్బుల పెట్టె పక్కన నిలబడి జుట్టు ఊడ్చే పిల్లాడే. ఇంకొన్నాళ్ళకి వాడు ఆ షాపు మూసేస్తే, తను ఈ అద్దంలో ఎవరిని చూడాలి?

ఏదైతే అదవుతుందని లేచాడు. రోడ్డు దాటాడు.

ఆయన గుమ్మంలో నిలబడగానే లోపల నవ్వులు ఆగిపోయాయి. బల్లమీద పాలావిడ మొగుడు, దర్జీ, చివర్లో పేపరు పట్టుకుని పెద్ద మాస్టారు. మాస్టారు పేపరు దించలేదు. కుర్చీలో ఉన్నవాడి పని అప్పుడే అయింది. వాడు పెద్ద కత్తెరని చూసి గబగబా లేచిపోయాడు.

చిన్న కత్తెర కుర్చీని తువ్వాలుతో దులిపి, "కూర్చో" అన్నాడు. ఇన్నేళ్ళకి ఒక మాట.

"చేయి ఇలా అయింది" అన్నాడు పెద్ద కత్తెర, పిండికట్టు చూపించి, అదేదో తన తప్పు కానట్టు.

"చూశాను. పడ్డరోజే చూశాను. వచ్చేలోపు టీకొట్టామె లేపింది."

"మరి రాలేదే?"

"వస్తే తిడతావని."

"తిట్టేవాణ్ణే" అన్నాడు అన్న. దర్జీ కిసుక్కుమని నవ్వి, వెంటనే దగ్గాడు.

మెడచుట్టూ గుడ్డ పడింది. నీళ్ళు చల్లాడు. దువ్వెన దిగింది. చెవి దగ్గరి దూది తీసి, "ఇదెవడు కోశాడు?" అన్నాడు తమ్ముడు. "ఓ పనికిమాలినవాడు" అన్నాడు అన్న. కత్తెర మొదలైంది. పెద్ద కత్తెర కళ్ళు మూసుకుని వింటున్నాడు. మంచి చేయి. తను నేర్పిన చేయి. దువ్వెన, కత్తెర, దువ్వెన, కత్తెర. పక్కలు అయ్యాయి. నడినెత్తి అయింది. తల ముందుకి వంచాడు తమ్ముడు. మెడవెనక జుట్టు పైకెత్తాడు.

కత్తెర ఆగింది.

అక్కడ గాలి తగులుతోంది. కనబడే ఉంటుంది. ఇప్పుడు అంటాడు. పెద్ద కత్తెర పళ్ళు బిగించి, తల కొట్టించుకోబోయేవాడిలా మెడ చాచి కూర్చున్నాడు.

"ఇదేంటన్నయ్యా" అన్నాడు తమ్ముడు, అందరికీ వినబడేలా. "ఇంత పెరిగేదాకా ఊరుకున్నావేంటి?"

కిచ్.

మళ్ళీ, కిచ్.

చిగురు తెగితే లేత చిక్కుడుకాయ తుంచినట్టు "టుప్" అని మెత్తటి చప్పుడొస్తుంది. ఇది ఇనుము ఇనుముని రాసుకున్న చప్పుడు. జీవితమంతా కత్తెర పట్టిన మనిషికి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. వాడు గాలిని కోశాడు. తనకి!

అలవాటు కొద్దీ నిజం గొంతుదాకా వచ్చింది. ‘ఏంట్రా, నా దగ్గరే నాటకాలా?’ అని లేవబోయి కళ్ళు తెరిచాడు. ఎదురుగా అద్దంలో షాపంతా కనబడింది. దర్జీ తన గోళ్ళు చూసుకుంటున్నాడు. పాలావిడ మొగుడు పైకప్పు వంక చూస్తున్నాడు. పెద్ద మాస్టారు పేపరు మీది కళ్ళు పేపరు మీదే ఉన్నాయి, కానీ చదవడం లేదు.

వాళ్ళకీ వినబడింది.

అంత చిన్న గదిలో వినబడకుండా ఎలా ఉంటుంది? ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది. ప్రతివాడికీ, పక్కవాడి మెడ దగ్గరా వినబడుతుంది, తన మెడ దగ్గరా వినబడుతుంది. మాస్టారికి మాత్రం తెలియదా? అంత చదువుకున్న మనిషి, చెవుడు లేని మనిషి, ఏళ్ళ తరబడి తన వెనక గాలి తెగడం వింటూనే ఉన్నాడు. విని, కళ్ళు మూసుకుని, తల ఇంకాస్త వంచేవాడు. ఇంట్లో పలకరించే మనిషి లేనివాడు, మెడ మీద ఓ వెచ్చటి చేయి ఓ నిమిషం ఎక్కువ ఉంటుందని వచ్చేవాడు. ఇందులో వెర్రివాడైనవాడు ఎవడూ లేడు. అందరికీ తెలిసిన సంగతిని వీధి చివరిదాకా అరిచిన తను తప్ప.

తమ్ముడి ఎడంచేయి ఇంకా ఆయన మెడ మీదే ఉంది. సబ్బు నీళ్ళలో నాని నాని గరుకెక్కిన చేయి. లేవనివ్వనన్నట్టు అదిమి ఉంది. వీడూ భయపడుతున్నాడు. తను ఇప్పుడు లేచి అరుస్తానని భయపడుతున్నాడు.

పెద్ద కత్తెర అరవలేదు. "పని తెమలడం లేదురా" అన్నాడు. "ఎక్కడా తీరిక దొరక్క ఊరుకున్నాను."

అనేసి తల ఇంకాస్త వంచాడు.

అప్పుడు మెడవెనక, జుట్టు మొదలయ్యేచోట, ఏదో సన్నగా చురుక్కుమంది. చాలాకాలం తర్వాత కలిసిన పాతకాలపు నొప్పి. తొలివానకి నేల నెర్రె కదిలినట్టు చర్మం కదిలింది. తమ్ముడి వేళ్ళు బిగుసుకున్నాయి.

"అన్నయ్యా" అన్నాడు, ఆయనకి మాత్రమే వినబడేలా.

"ఊఁ."

"కదలకు."

టుప్.

ఆ చప్పుడు కూడా అందరికీ వినబడింది. దర్జీ గోళ్ళు చూసుకోవడం ఆపేశాడు. తమ్ముడు అరచేయి ముందుకి చాపాడు. దానిమీద ఒక ఆకు. గట్టిది కాదు, వెడల్పుదీ కాదు. ఏ చెట్టుదో పోల్చలేని, లేతాకుపచ్చ మామూలు ఆకు. ఇద్దరన్నదమ్ములూ అన్నన్ని మెడలు చూసినవాళ్ళు, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. గుమ్మం దగ్గర మేక తల లోపలికి పెట్టింది. "నీక్కాదులే, పో" అని పెద్ద కత్తెర ఆ ఆకుని పిండికట్టు సందులోకి దోపుకున్నాడు.

గుడ్డ విప్పుకుని లేచాడు. వెళ్ళిపోతాడనుకుని పాలావిడ మొగుడు కాళ్ళు పక్కకి జరుపుకున్నాడు. ఆయన వెళ్ళలేదు. బల్ల చివర దగ్గరికి నడిచాడు.

"మాస్టారూ, తర్వాత మీరేనా?"

పేపరు మెల్లగా కిందికి దిగింది. పెద్ద మాస్టారు చాలా చిక్కిపోయాడు. కాలరు మెడకి వదులుగా వేలాడుతోంది.

"నేనే" అన్నాడు.

"మా తమ్ముడు జుట్టు కోస్తాడు. మెడవెనక నేను చూడనా?"

మాస్టారు ఆయన మొహంలోకి, పరీక్షలో పిల్లాడి మొహంలోకి చూసినట్టు చూశాడు.

"చూసి?"

"చూసి తీసేస్తాను మాస్టారూ. అంతే. ఇంకేం అనను."

మాస్టారు లేచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చిన్న కత్తెర జుట్టు పని పూర్తిచేసి కత్తెర అన్న ఎడంచేతిలో పెట్టాడు. ఎడంచేత్తో జుట్టు కోయడం ఆయనకి రాదు. చెవికి దూది అందుకే. గాలిని కోయడానికి ఆ చేయి చాలు.

మాస్టారి తల ముందుకి వంచి, పిండికట్టు చేతి వేళ్ళని మెడ మీద ఆనించాడు. నెరిసిన నూగు, చెమటకాయలు, ముడతలు. బోడిమెడ. ఎంత సన్నటి మెడ! ఇన్నాళ్ళూ దీన్ని ఎత్తుకుని ఒక్కడే నడిచాడు.

కిచ్, అంది కత్తెర. కిచ్.

మాస్టారి భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"బాగా పెరిగిందా?" అన్నాడు కళ్ళు మూసుకునే.

"పెరిగింది మాస్టారూ. ఈమధ్య మీరు చూసుకుంటున్నట్టు లేరు" అన్నాడు పెద్ద కత్తెర. చేయి వెంటనే తీయలేదు.

షాపులో ఎవరికీ ఏమీ వినబడలేదు.